అమెరికా రాజ్యాంగము: కర్తృపదవిచారము

శిలాశాసనముగాని తామ్రశాసనముగాని చేతికి వచ్చినపుడు పరిశోధకుఁడు లిపి యెట్టిది, కాల మేది యను విచారముతోపాటు కర్త యెవఁడను ప్రశ్నను గూడ వేసికొనును. ఆజ్ఞ యెవనిది? దాత యెవఁడు? చెక్కిన లేఖకుఁ డెవఁడు? లేఖకుఁడు తన పేరు చివరఁ జెక్కికొన్నను శాసనము వానిది కాదు. ఆజ్ఞ యిచ్చిన ప్రభువుదే. దాని బలమెల్ల నా కర్తృపదమునుండియే వచ్చును. అమెరికా సంయుక్తరాష్ట్రముల రాజ్యాంగమును జదువఁబూనువారికిఁ గూడ నీ ప్రశ్నయే మొదటిది. రాజును ద్రోసివేసిన జనులు 1787వ సంవత్సరమున రాజు లేని శాసనమునకుఁ గర్తగా నెవనిని నిలుపవలెనో నిర్ణయించుకొనవలసి వచ్చెను. వారి రాజ్యతంత్రభావములలో ముఖ్యమైనవి పెక్కు లీ యొక్క నిర్ణయము చుట్టును దిరుగుచున్నవి. ఆ పదము వారికి సులభముగా లభింపలేదు. లభించిన పిదప దానిని పూర్ణార్థమున వారు వాడనులేదు.

మనము వాడు ‘రాజ్యాంగము’ అను మాటను గుఱించి యిచ్చటనే యొక సంగతి చెప్పవలసి యున్నది. మన నీతిశాస్త్రములలో రాజ్యాంగములు ఏడు: స్వామి, అమాత్యుఁడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రము. అనఁగా రాజ్యమునకు అవయవములని యర్థము. ఈ కాలమున మనము రాజ్యమును నడపు మూలశాసనమునకే యా పేరు పెట్టుకొంటిమి. అర్థము మాఱినది, మాఱుట తప్పు కాదు. అయినను పాత లెక్కలో మొదటి యంగము స్వామి యనియు, జనపదము మూఁడవ దనియు జ్ఞప్తియం దుంచుకొన్నచో అమెరికావారు చేసిన మార్పు ఎంతటిదో తెలిసికొనుట సులభమగును.

అట్లాంటికు తీరమందలి పదుమూఁడు వలసరాజ్యములును ఆంగ్లేయ సంప్రదాయమునఁ బెరిగినవి. ఇంగ్లండునకు రాజ్యాంగము కలదు గాని యది యొక గ్రంథము కాదు. 1215వ సంవత్సరపు మాగ్నా కార్టా, 1689వ సంవత్సరపు హక్కుల శాసనము, న్యాయస్థానముల తీర్పులు, ఆచారములు - ఇవి యన్నియుఁ గలిసి యా రాజ్యాంగము. దీనిలో నే భాగమునైనను పార్లమెంటు సామాన్యమైన చట్టముచేతనే మార్పఁగలదు. 1765 మొదలు 1769 వఱకు వెలువడిన బ్లాక్‌స్టన్ వ్యాఖ్యానములలోఁ బార్లమెంటు నధికారమునకు మీఁద నేమియు లేదని స్పష్టముగాఁ జెప్పఁబడినది. అమెరికాలోని న్యాయవాదులలోఁ బెక్కురు ఆ గ్రంథమును జదివియే న్యాయవిద్య నేర్చికొనిరి. అయినను 1765లో స్టాంపు పన్ను విధింపఁబడినపుడు, తమ ప్రతినిధులు లేని సభ తమపైఁ బన్ను వేయఁజాలదని వాదించుటకు, పార్లమెంటునకంటె మీఁదిది యొకటి యుండవలెనని వారికిఁ దోఁచెను.

ఆ మీఁది దేది యను ప్రశ్నకు జాన్ లాకు వ్రాసిన గ్రంథము కొంత సమాధాన మిచ్చినది. 1689లో వెలువడిన యాతని రాజ్యతంత్రగ్రంథములలో ప్రభుత్వము జనుల సమ్మతివలనఁ బుట్టినదనియు, పాలకునియొద్ద నున్న యధికారము జనులు నమ్మి యప్పగించిన నిక్షేపము వంటిదనియు, నిక్షేపమునకు ద్రోహము చేసినవానినుండి దానిని జనులు మరలఁ గైకొనవచ్చుననియు నున్నది. 1776 జూలై 4వ తేదీని ప్రకటింపఁబడిన స్వాతంత్ర్యపత్రమును వ్రాసిన జెఫర్సను ఈ మతమునే యవలంబించెను. కాని లాకు సిద్ధాంతమున నొక కొఱఁత కలదు. జనులు తమ సమ్మతిని ఎట్లు తెలుపవలెను? ఏ సభలో, ఏ పత్రముమీఁద? రాజు మాట యిది యని చెప్పుటకు ముద్ర యున్నది. జనుల మాట యిది యని చెప్పుటకు ముద్ర యేది?

దీనికి సమాధానము పండితులనుండి గాక యొక చిన్న యూరినుండి వచ్చుట మిక్కిలి విశేషము. మసాచుసెట్సు రాష్ట్రమున కాంకర్డు అను నూరు కలదు. 1776వ సంవత్సరమున నా రాష్ట్రపు శాసనసభ తానే రాజ్యాంగమును రచించుటకుఁ గ్రామసభల యనుమతి నడిగెను. అక్టోబరు నెలలోఁ గాంకర్డు గ్రామసభ కూడి యందులకు సమ్మతింపమని బదులు చెప్పెను. వారు చూపిన కారణములు సూటియైనవి. రాజ్యాంగ మనఁగాఁ బాలకులు జనుల హక్కుల నాక్రమింపకుండఁ గాచు కట్టుబాటు. దానిని రచించిన సభకు దానిని మార్చు నధికారమును గలుగును. ఏ సభను కట్టుటకై యా కట్టుబాటు పుట్టినదో యా సభయే దానిని మార్పఁగలిగినచో అది యేమి కాపాడును? దొంగచేతికిఁ దాళములిచ్చినట్లే. కాఁబట్టి యీ పనికొఱకే ప్రత్యేకముగా నెన్నుకొనఁబడి, పని ముగియఁగానే విడిపోవు వేఱొక సభ యుండవలెనని వారు కోరిరి.

శాసనసభ ఈ మాటను వెంటనే లెక్కచేయలేదు. అది తయారుచేసిన రాజ్యాంగమును 1778లో గ్రామసభలు త్రోసివేసినవి. 1779లోఁ బ్రత్యేకసభ యెన్నుకొనఁబడెను. జాన్ ఆడమ్సు ముఖ్యలేఖకుఁ డయ్యెను. 1780లో గ్రామసభలు దాని నంగీకరించినవి. అప్పటి సామాన్యపు టెన్నికలలో నాస్తి లేనివారికి ఓటు లేకున్నను, ఈ యొక్క కార్యమున మాత్ర మిరువదియొక్క యేండ్లు నిండిన స్వతంత్రులైన పురుషులందఱికిని ఓటు ఇయ్యఁబడెను. ఆ రాజ్యాంగము సవరణలతో నేఁటికిని అమలునందున్నది. జనుల మాటకు ముద్ర దొరికినది: ప్రత్యేకసభ వ్రాయుట, జనులు సమ్మతించుట. నా యభిప్రాయమున అమెరికావారు రాజ్యతంత్రమునకుఁ జేసిన సేవలలో ఇది మొదట నెన్నఁదగినది. అధికారవిభజన మాంటెస్క్యూది, సమ్మతివాదము లాకుది, ఈ యుపాయము మాత్రము వారి సొంతము.

కాని రాష్ట్రములన్నియుఁ గలిసి చేసికొన్న మొదటి పత్రమున నీ యుపాయము లేదు. 1777లోఁ గాంగ్రెసు ఆమోదించి, 1781 మార్చి 1వ తేదీనుండి యమలులోనికి వచ్చిన సమాఖ్యపత్రమునకుఁ గర్తలు రాష్ట్రములు. అందు రాష్ట్రమున కొక్క యోటు. కాంగ్రెసునకుఁ బన్ను వేయు నధికారము లేదు. రాష్ట్రములను ధన మడుగుటకు మాత్రమే యధికారము. పత్రమును సవరింపవలెనన్నఁ బదుమూఁడు రాష్ట్రములును ఒప్పుకొనవలెను. 1781లో దిగుమతి సరకులపై నూటికి అయిదు చొప్పున సుంకము వేయుటకుఁ గాంగ్రెసు కోరఁగా, మఱునాఁటి యేఁట రోడ్ ఐలండ్ అను నల్పరాష్ట్ర మొక్కటి కాదన్నందున నా యత్నము నిలిచిపోయెను. యుద్ధఋణములు తీఱలేదు, సైనికుల జీతములు బాకీపడెను. 1786లో మసాచుసెట్సు పశ్చిమభాగమున అప్పులపా లైన రైతులు, డానియల్ షేస్ అను పూర్వసైన్యాధికారి మొదలగువారి వెంట నడచి, న్యాయస్థానములను మూయించిరి. ఆస్తిపరులకు భయము పుట్టెను. మఱుసటి సంవత్సరపు సభకు వచ్చినవారిలో స్వాతంత్ర్యప్రీతితోపాటు ఈ భయమును గలదని మఱువఁగూడదు.

ఫిలడెల్ఫియా సభ 1787 మే 25వ తేదీని బ్రారంభమై సెప్టెంబరు 17వ తేదీని ముగిసెను. వచ్చినవారు 55 మంది. తుదకు చేవ్రాలు చేసినవారు 39 మంది. రోడ్ ఐలండ్ ప్రతినిధులను బంపనే లేదు. వాషింగ్టను అగ్రాసనాధిపతి. చర్చలు రహస్యములు. వానిని మన మెఱుఁగుట కుఁ గల ముఖ్యాధారము వర్జీనియా ప్రతినిధి జేమ్సు మాడిసను వ్రాసికొన్న దినచర్య. అది యాతఁడు 1836లో మరణించిన పిదప 1840లో ముద్రితమయ్యెను. ఇంచుమించు అర్ధశతాబ్దకాలము అది యాతని పెట్టెలో నుండెను, ఊరక యుండలేదు. ఆతఁడు దానిని మరల మరల దిద్దెను. మేరీ సారా బిల్డర్ అను విదుషీమణి 2015లోఁ బ్రకటించిన గ్రంథమున మాతృకయందలి కాగితములను, దిద్దుబాట్లను బరిశీలించి, కొన్ని భాగములు సభ ముగిసిన తరువాత వ్రాయఁబడినవని చూపెను. ప్రక్షిప్తవిచారమునం దలవాటుపడిన మనవారి కిది వింత కాదు. మాడిసను పలికెనని యాతని దినచర్యలో నున్న మాటను గైకొనునపుడు కొంత జాగ్రత్త వలయును. అంతమాత్రమున దానిని ద్రోసివేయఁ బనిలేదు.

ఇఁక పాఠభేదము. ఆగస్టు 6వ తేదీని ఉపసంఘము సమర్పించిన చిత్తులోఁ గూడఁ బీఠికకుఁ గర్త జనులే. కాని న్యూ హాంప్‌షైర్ మొదలు జార్జియా వఱకుఁ బదుమూఁడు రాష్ట్రముల పేళ్లును వరుసగాఁ జెప్పి, ఆ రాష్ట్రముల జనులమైన మేము అని యుండెను. సభకు రాని రోడ్ ఐలండ్ పేరును అందుఁ గలదు! సెప్టెంబరు 12వ తేదీని, భాషను సంస్కరించుటకు నియమింపఁబడిన యుపసంఘము మఱియొక పాఠము నిచ్చెను. దీనిని దీర్చినది ముఖ్యముగాఁ గవనూర్ మారిస్ అను పెన్సిల్వేనియా ప్రతినిధి చేయి. ఇరువదిమూఁడు ప్రకరణము లేడుగా సంక్షేపింపఁబడెను. పీఠికలో రాష్ట్రముల పేళ్లన్నియుఁ బోయి, సంయుక్తరాష్ట్రముల జనులు అను నొక్క కర్త నిలిచెను.

ఈ మార్పునకుఁ గారణ మేమి? ఉపన్యాసకు లిది జాతి యేకత్వమును జాటుటకుఁ జేసిన మహాకార్య మందురు. నిజమునకు మారిస్ ఎదుటనున్న చిక్కు సామాన్యమైనది. పదుమూఁడింటిలోఁ దొమ్మిది రాష్ట్రము లొప్పుకొన్నఁ జాలును, ఆ తొమ్మిదింటి నడుమ రాజ్యాంగము నెలకొనునని సభ యప్పటికే నిశ్చయించినది. ఏ తొమ్మిది యొప్పుకొనునో ముందుగా నెవరికిఁ దెలియును? పేళ్లు వ్రాసిన పిదప వానిలో నొకటి కాదన్నచో పీఠిక యసత్య మగును. కాఁబట్టి పేళ్లు తీసివేయక తప్పదు. అయితే యిది యంతయు లేఖకుని సౌకర్యమే యనుటయుఁ దప్పు. అంగీకార మిచ్చునది రాష్ట్రముల శాసనసభలు కాక, జనులు ప్రత్యేకముగా నెన్నుకొన్న సభలు కావలెనని జూలైలోనే తీర్మానమైనది. శాసనసభలపై నిలిచినది సంధిపత్ర మనియు, జనులపై నిలిచినది రాజ్యాంగ మనియు మాడిసను జూలై 23వ తేదీని భేదము చూపెను. కాంకర్డు గ్రామసభ మాట పదునొకండేండ్లకు ఫిలడెల్ఫియా చేరినది. సౌకర్యము సిద్ధాంతమునకు దారి యిచ్చినది.

మారిస్ దీర్చిన పాఠమును నాలుగు తోలుపత్రములపై వ్రాసినవాఁడు జేకబ్ షాలస్. పెన్సిల్వేనియా శాసనసభలో సహాయలేఖకుఁడు. ఆతనికి ముప్పది డాలర్లు ముట్టినవి. పంక్తుల నడుమఁ జేర్చిన పదములను, గీఁకి దిద్దిన చోటులను ఆతఁడు చివర నొక మూల జాబితాగా వ్రాసి యుంచెను. తాటియాకులపై లేఖకులు తప్పులు క్షమింపుఁడని వేఁడుకొనుట మన మెఱుఁగుదుము. షాలస్ క్షమాపణ యడుగక లెక్క యొప్పగించెను. చేవ్రాళ్లయొద్దఁ బెన్సిల్వేనియా పేరులో నొక నకారము లోపించి యున్నది. అది దిద్దఁబడలేదు.

క్రొత్త కర్తృపదమును బ్రతిపక్షమువారు వెంటనే పట్టుకొనిరి. 1788 జూన్ నెలలో వర్జీనియా సభయందుఁ బాట్రిక్ హెన్రీ, రాష్ట్రముల పక్షమునఁ బంపఁబడినవారు జనుల పేర మాటాడుట కెవ్వ రధికార మిచ్చిరని యడిగెను. ఈ ప్రశ్న తేలిక యైనది కాదు. సమాఖ్యపత్రమును సవరించుటకుఁ బంపఁబడినవారు దానినే తొలఁగించిరి. అందఱి సమ్మతి కావలయునని యున్నచోటఁ దొమ్మిదింటితో సరిపెట్టిరి. హెన్రీ దృష్టిలో కర్త మాఱినచో శాసనమే మాఱును: రాష్ట్రములు కర్తలైనచో అది యొడంబడిక, జనులు కర్తయైనచో అది యొక్క మహారాజ్యము. మాడిసను సమాధానము నడిమి త్రోవ పట్టినది. రాజ్యాంగము నంగీకరించువారు జనులే గాని, ఒక్క జాతిగాఁ గూడిన జనులు కారు, వేఱువేఱు రాష్ట్రములలోఁ గూడిన జనులు. కావున నిది కొంత యేకరాజ్యము, కొంత సమాఖ్య యని యాతఁడు ‘ఫెడరలిస్టు’ వ్యాసములలో 39వ దానియందు వ్రాసెను. వ్యాకరణమును ఆ సందేహమును దాఁచలేదు. రాజద్రోహమును నిర్వచించుచోట సంయుక్తరాష్ట్రములు బహువచనమున నున్నవి. 1865వ సంవత్సరపు సవరణలోఁ గూడ నట్లే. ఆంగ్లభాషలో నా పేరున కేకవచనము క్రమముగా స్థిరపడెను. తెలుఁగున మనము నేఁటికిని బహువచనమే వాడుచున్నాము. మనది ప్రాచీనపాఠ మనుకొనవచ్చును.

‘ఫెడరల్’ అను పదముకథ మఱియు విచిత్రము. దానికి మూలమైన లాటిను పదమునకు ఒడంబడిక యని యర్థము. 1787కు ముందు ఫెడరల్ ప్రభుత్వ మనఁగా స్వతంత్రరాష్ట్రములు తమలోఁ దాము చేసికొన్న కూటమి. బలమైన కేంద్రమును గోరినవారు మొదట ‘నేషనల్’, అనఁగా జాతీయము, అను విశేషణమును వాడిరి. జనుల కది వెఱపు పుట్టించుననియుఁ గాఁబోలు, జూన్ 20వ తేదీని కనెక్టికట్ ప్రతినిధి ఎల్స్‌వర్త్ దానిని దీసివేయఁ గోరఁగా సభ యొప్పుకొనెను. తరువాత వాదమునకు దిగినపుడు వారే తమకు ఫెడరలిస్టు లని పేరు పెట్టుకొనిరి. నిజమైన కూటమిని గోరిన ప్రతిపక్షమువారికి ప్రతిషేధార్థకమైన పేరు మిగిలెను. పేరు పోఁగొట్టుకొన్న పక్షము సగము వాద మోడినట్లే. నేఁడు సమాఖ్య యని మనము వ్యవహరించునది, ఆ పదమునకు వా రిచ్చిన క్రొత్త యర్థమే.

ఆ ఫెడరలిస్టు వ్యాసములు 85. పబ్లియస్ అను మాఱుపేరుతో 1787-88 సంవత్సరములలో న్యూయార్కు పత్రికల మూలమునను, తరువాత గ్రంథరూపమునను వెలువడినవి. వ్రాసినవారు మువ్వురు: హామిల్టను, మాడిసను, జాన్ జే. ఏ వ్యాస మెవరిదో యను వివాదము చాలకాలము జరిగెను. పండ్రెండు వ్యాసములను హామిల్టను పక్షమువారును మాడిసను పక్షమువారును తమవని చెప్పికొనిరి. 1964లో మోస్టెలర్, వాలెస్ అను గణితజ్ఞులు మహాపదములను విడిచి, అవ్యయములవంటి చిన్నపదములను లెక్కించిరి. ‘అపాన్’ అను పదమును హామిల్టను తఱచుగా వాడును; మాడిసను మిక్కిలి యరుదుగా వాడును. ఇట్టి లెక్కలవలన నా పండ్రెండును మాడిసనువే యని వారు నిర్ణయించిరి. కవికర్తృత్వవివాదములలో మునిఁగియుండు మన పరిశోధకులు ఈ పద్ధతిని జూడఁదగును.

అధికారవిభజనమును గుఱించి పాఠ్యపుస్తకములలోఁ గావలసినంత యున్నది. ఇచ్చటఁ గొంచెము చాలును. శాసనము, నిర్వహణము, న్యాయము అను మూఁడును ఒక్కచేత నుండరాదని మాంటెస్క్యూ 1748లోఁ జెప్పెను. అమెరికావారు వానిని వేఱుచేసిరి గాని నడుమ గోడ కట్టలేదు. అధ్యక్షుఁడు శాసనమును నిరాకరింపవచ్చును. కాంగ్రెసు మూఁడింట రెండుపాళ్ల బలముతో దానిని నిలుపుకొనవచ్చును. సంధులకు సెనేటు సమ్మతి వలయును. పాలకులు సాధువులై యుందురను నమ్మకముతోఁ గాక, ఒకని యధికారేచ్ఛ మఱియొకని యధికారేచ్ఛకు అడ్డు నిలుచునను నమ్మకముతో నీ కట్టడము కట్టఁబడినది. మన రాజనీతిగ్రంథములు రాజునకు ఇంద్రియజయమును మొదట విధించును. వీ రింద్రియజయము లేనివానిచేతఁ గూడ రాజ్యము నడపించు మార్గమును వెదకిరి.

ఒక పదము లేకపోవుటయు నర్థమును నిర్ణయించు ననుటకు నిదర్శన మిఁకఁ జూడుఁడు. పాత సమాఖ్యపత్రమున, స్పష్టముగాఁ గాంగ్రెసున కిచ్చినవి తప్ప మిగిలిన యధికారములు రాష్ట్రములవని యుండెను. 1791లో నంగీకృతములైన పది సవరణలలోఁ గడపటిదియు నట్టిదే. కాని ‘స్పష్టముగా’ అను పదము లేదు. అది పరాకు కాదు. 1789లో దక్షిణ కరోలినా ప్రతినిధి టక్కర్ ఆ పదమును జేర్పఁగోరెను, మాడిసను ఎదిరించెను, సభ త్రోసివేసెను. ముప్పదియేండ్లకు, 1819లో, కాంగ్రెసు బ్యాంకును స్థాపింపవచ్చునా యను వ్యాజ్యమున, రాజ్యాంగములో బ్యాంకను మాట లేకున్నను స్థాపింపవచ్చునని ప్రధానన్యాయమూర్తి మార్షల్ తీర్పు చెప్పుచు, ఆ విడిచిన పదమును గారణములలో నొకటిగాఁ జూపెను. సూత్రమున నధికమైన యక్షరము లేకుండుట యర్థవంతమని మన వైయాకరణులు చెప్పుదురు. మార్షల్ దానిని రాజ్యమునకు అన్వయించెను.

అన్నిటికంటె బరువైన లోపము వేఱొకటి. 1790వ సంవత్సరపు జనసంఖ్యలో సుమారు 39 లక్షలమంది యుండఁగా, వారిలో ఇంచుమించు 7 లక్షలమంది బానిసలు. రాజ్యాంగమున బానిస యను పదము వెదకినను దొరకదు. విషయము మాత్రము మూఁడుచోట్లఁ గలదు. ప్రతినిధుల సంఖ్యను లెక్కించుటకు స్వతంత్రుల సంఖ్యకు తక్కిన వ్యక్తులలో అయిదింట మూఁడుపాళ్లు చేర్పవలెను. రాష్ట్రములు రప్పించుకొనఁదలఁచిన వ్యక్తుల రాకను 1808కు ముందు కాంగ్రెసు నిషేధింపఁగూడదు. ఒక రాష్ట్రమునఁ బనికిఁ గట్టుబడినవాఁడు మఱియొక రాష్ట్రమునకుఁ బాఱిపోయినచో మరల నప్పగింపఁబడవలెను. ఆలంకారికులు దీనిని బర్యాయోక్త మందురేమో. కాని యిచ్చట నది చమత్కారమునకుఁ గాదు, సిగ్గునకు. మనుష్యులు మనుష్యులకు ఆస్తి కావచ్చునను భావమును రాజ్యాంగమున నొప్పుకొనుట తప్పని మాడిసను ఆగస్టు 25వ తేదీని జెప్పినట్లు దినచర్యలో నున్నది. ఆతఁడు స్వయముగా బానిసల యజమానుఁడు. సభను విడిచిపోయి రాజ్యాంగమును బ్రతిఘటించిన మేరీలాండు ప్రతినిధి లూథర్ మార్టిన్, చెవికి రోఁతయైన పదమును విడిచి, ఆ పదము చెప్పు వస్తువును మాత్రము విడువలేదని బయటఁబెట్టెను. దక్షిణరాష్ట్రములు లేని సమాఖ్య వారికి వలదు. బానిసత్వము లేని సమాఖ్య దక్షిణరాష్ట్రములకు వలదు. ఈ బేరములో మాట దాఁగినది, మనుష్యులు అమ్ముడుపోయిరి.

ఆ దాఁచుటవలన శాసనమునకు రెండు వ్యాఖ్యానములు పుట్టినవి. రాజ్యాంగము బానిసత్వముతోఁ గుదిరిన పాపపుటొడంబడిక యని విలియమ్ లాయిడ్ గారిసన్ 1854లో స్వాతంత్ర్యదినమునాఁడు దాని ప్రతిని సభలోఁ గాల్చివేసెను. బానిసగాఁ బుట్టి 1838లోఁ బాఱిపోయి వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ మొదట గారిసను మతమువాఁడే. 1851 నాఁటికి మనసు మార్చుకొనెను. ఆతని వాదము శుద్ధమైన శాబ్దికవాదము: శాసన మనఁగా వ్రాసినది, వ్రాసినవారి మనస్సులోనిది కాదు, అందు బానిస యను పదము లేదు, కర్తృస్థానమున జనులున్నారు, తెల్లజనులని లేదు, కావున మేమును గర్తలమే. 1857లోఁ బ్రధానన్యాయమూర్తి టేనీ డ్రెడ్ స్కాట్ అను బానిస వ్యాజ్యమున దీనికి విపరీతముగాఁ దీర్పు చెప్పెను. ఆఫ్రికావారి సంతతివారు ఆ జనులలోఁ జేరినవారు కారనియు, రచించినవారి కాలమున వారిని అట్లెవ్వరు నెంచలేదనియు నాతని వాదము. ఒక్క పదమునకు వాచ్యార్థమును డగ్లస్ పట్టుకొనఁగా, తాత్పర్యమును టేనీ పట్టుకొనెను. చరిత్రదృష్టిచే టేనీ చెప్పినది యంతయు నిజమును గాదు. రాజ్యాంగ మంగీకరింపఁబడిన కాలమునఁ గొన్ని రాష్ట్రములలో స్వతంత్రులైన నల్లవారికి ఓటు కలదని ఆ తీర్పుతో నేకీభవింపని న్యాయమూర్తి కర్టిస్ చూపెను. అనఁగా వారిలోఁ గొందఱు కర్తృపదమున వాస్తవముగా నుండిరి.

ఈ వ్యాఖ్యానభేదము గ్రంథములలోఁ దీఱక యుద్ధమునఁ దీఱెను. 1865 డిసెంబరునఁ బదుమూఁడవ సవరణ యంగీకృతమయ్యెను. బానిసత్వ మను పదము అమెరికా రాజ్యాంగమున మొట్టమొదట కనఁబడునది ఈ సవరణలోనే: దానిని రద్దుచేయు వాక్యమున. డెబ్బదియెనిమిది యేండ్లు ఆ వస్తువు పేరు లేక బ్రతికి, పేరు వచ్చిననాఁడు చచ్చినది. 1868వ సంవత్సరపు పదునాలుగవ సవరణ, ఆ దేశమునఁ బుట్టి దాని యధికారమునకు లోఁబడినవా రందఱు పౌరులని చెప్పి, టేనీ వ్యాఖ్యానమును శాసనమునుండియే తొలఁగించెను. స్త్రీలకు ఓటు 1920వ సంవత్సరపు సవరణవలన వచ్చెను.

ఆ పదునాలుగవ సవరణలోనే, 1791 నాఁటి యైదవ సవరణనుండి తెచ్చుకొనఁబడిన మఱియొక మాట కలదు: తగిన న్యాయవిధానము లేక యెవని ప్రాణమును, స్వేచ్ఛను, ఆస్తిని హరింపరాదని. ఆంగ్లమున దీనిని ‘డ్యూ ప్రాసెస్’ అందురు. ‘తగిన’ యనఁగా నేది తగినదో నిర్ణయించువారు న్యాయమూర్తులు. ఆ యొక్క విశేషణమువలన నచ్చటి న్యాయస్థానములు శాసనసభలు చేసిన చట్టములను బెక్కింటిని గొట్టివేసినవి. మన రాజ్యాంగసభ సలహాదారు బి. ఎన్. రావు 1947లో అమెరికా వెళ్లి న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టరును గలిసికొనిన పిదప, ఆ పదము మన చిత్తునుండి తీసివేయఁబడెను. దాని చోట, జపాను రాజ్యాంగమును జూచి, చట్టముచే నేర్పఱుపఁబడిన విధానమను మాట చేర్చఁబడెను. నెల్లూరు మండలమునఁ బుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు రాజ్యాంగసభలో నీ మార్పును సమర్థించినవారిలో నొకరు. 1949 నవంబరు 26వ తేదీని అంగీకృతమైన మన రాజ్యాంగపీఠికకు భారతప్రజలే కర్త. దాని 21వ యధికరణమున ‘తగిన’ యను విశేషణము లేదు. 1950లో గోపాలను వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ లోపమును బట్టియే యర్థము చెప్పెను. 1978లో మేనకాగాంధీ వ్యాజ్యమున, విధాన మనఁగా న్యాయమును దగవును గలిగిన విధానమే యని యా కోర్టే వ్యాఖ్యానించెను.